మట్టి పని, మట్టి బేరం: నల్లగొండ–పాలమూరు స్టూడియో కుమ్మరులు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా సారె (కుమ్మరి చక్రం) ముందు కూర్చున్నవాళ్ళు, మట్టి సామాను అమ్మేవాళ్ళు, పాత కుండలు సేకరించేవాళ్ళు ఎక్కువగా అడిగే సంగతులివి. ఈ వైపు చెరువు మట్టి, ఎండ, బోరు నీళ్ళు ఎట్లా ఉంటాయో చూసుకునే జవాబులు రాశాం. రూపాయల లెక్కలు పద్ధతి చూపడానికే, మీ ధరలు మీరు వేసుకోవాలి.

మా ఊరి చెరువు మట్టి పనికొస్తుందా, లేక బయటి నుంచి సంచుల మట్టి కొనాలా?

సారె, బట్టీ కొనకముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. చాలామంది ముందు యంత్రాలు కొని, ఆ తర్వాత మట్టి వెతుక్కుంటారు. అది తలకిందుల వ్యవహారం.

నాలుగు పరీక్షలు ఇంట్లోనే చేయొచ్చు. మొదటిది, తడి మట్టిని పెన్సిల్ లావు తాడుగా చేసి వేలికి చుట్టండి. పైన పగుళ్ళు విచ్చుకుంటే జిగురు తక్కువ. రెండోది, గాజు సీసాలో మూడో వంతు పొడి మట్టి వేసి, నిండా నీళ్ళు పోసి, బాగా ఊపి ఒక రోజు కదలకుండా ఉంచండి. అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, అన్నిటికంటే పైన సన్నటి బంకమట్టి పొరలుగా తేరుకుంటాయి. ఇసుక సగం దాటితే ఒట్టిగా పనికిరాదు. మూడోది, 14 సెంటీమీటర్ల పట్టీ చేసి దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఎండాక ఆ గీత 9.3 అయితే కుంచింపు 7 శాతం, అది మంచి మట్టి. 9 కంటే కిందికి పడితే నల్లరేగడి పాలు ఎక్కువైందని అర్థం, అట్లాంటి కుండ ఆరేటప్పుడే పగులుతుంది. నాలుగోది, ఈ వైపు అసలు వదలకూడనిది: పొడి మట్టి మీద నిమ్మరసమో వెనిగరో పోయండి. బుసబుసమని నురగొస్తే అందులో సున్నం ఉంది.

మొదటి ప్రయత్నానికి చెరువు మట్టి మూడు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, జల్లించిన సన్న ఇసుక అర పాలు కలిపి చూడండి. కుంచింపు ఎక్కువుంటే ఇసుక పెంచాలి, అంచులు చిట్లుతుంటే చెరువు మట్టి పెంచాలి. ప్రతి చెరువుకూ ఈ లెక్క మారుతుంది. ఒక్కోసారి అదే చెరువులో రెండు మూలల మధ్య కూడా మారుతుంది.

మట్టి ఎప్పుడు, ఎక్కడ తవ్వాలి?

ఏప్రిల్, మే నెలల్లో, చెరువు ఎండినప్పుడు. వాగు వచ్చి కలిసే వైపు ముతక ఇసుక పడుతుంది, సన్న ఒండ్రు లోతట్టున చేరుతుంది. కట్ట మొదట్లో మాత్రం తవ్వొద్దు, కట్ట బలహీనపడుతుంది. పంచాయతీకీ, సాగునీటి శాఖ వాళ్ళకూ దరఖాస్తు రాసిచ్చి తీసుకోండి. ఆ ఊరి కుమ్మరులు తరతరాలుగా తవ్వుకుంటున్న జాగా ఉంటే ముందు వాళ్ళను అడగండి. మర్యాద సంగతి అట్లా ఉంచితే, ఏ పొర మంచిదో వాళ్ళకంటే తెలిసినవాళ్ళు ఉండరు.

తవ్విన మట్టిని ఎట్లా సిద్ధం చేయాలి?

పూర్తిగా ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, ఆ తర్వాతే నీళ్ళలో వేయండి. సగం తడిగా ఉన్న గడ్డ నీళ్ళలో రోజుల తరబడి అట్లాగే ఉంటుంది. ఎండిన గడ్డ మాత్రం గంటలో విచ్చుకుని బురదవుతుంది. ఆ బురదను 60 మెష్ (అంగుళానికి 60 కన్నాలున్న) జల్లెడలో వడకట్టండి, 40 కంటే ముతక జల్లెడ వాడొద్దు. రెండు మూడు రోజులు తేరనిచ్చి పైనీళ్ళు వంపేసి, పాత చీరలోనో ఇటుకల మీద పరిచిన గోనె మీదనో ఆరనివ్వండి. చేతికి అంటుకోని స్థితికి వచ్చాక తొక్కి, ముద్దలు చేసి, పాలిథిన్ కవర్లో కట్టి కనీసం మూడు వారాలు మాగనివ్వాలి. మాగిన మట్టి సారె మీద చెప్పినట్టు వింటుంది.

కాల్చి తెచ్చిన కుండ బాగానే ఉంది, వారానికి పెచ్చులు ఊడుతున్నాయి. ఎందుకు?

సున్నపు పలుకులు. నల్లగొండ జిల్లా నల్లరేగడిలో తెల్లటి చిన్న సుద్దరాళ్ళు కనిపిస్తాయి కదా, అవే. బట్టీ వేడికి ఆ పలుకు కాలి పొడిసున్నం అవుతుంది. బయటికొచ్చాక గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బి పైపొరను తోసేస్తుంది. ఊడిన గుంట నడుమ తెల్లటి చుక్క కనిపిస్తే ఇంకో అనుమానం అక్కర్లేదు.

మందు ముందే వేయాలి. 60 మెష్ జల్లెడ దాటిన సన్న సున్నం పెద్ద హాని చేయదు, పలుకుగా మిగిలినదే తంటా. ఒక బట్టీ నిండా కాల్చేశాక తెలిస్తే, కుండలు ఇంకా గోరువెచ్చగా ఉండగానే నిండా నీళ్ళలో ముంచి కొన్ని గంటలు ఉంచండి. సున్నం ఒక్కసారిగా తడిసి చాలావరకు మెత్తబడిపోతుంది. అన్నీ దక్కవు గానీ సగానికి పైగా దక్కించుకోవచ్చు. గ్లేజు (గాజులాంటి పూత) వేసిన వాటికి ఈ వైద్యం లేదు.

ఆరేటప్పుడే పగుళ్ళు వస్తున్నాయి. తప్పు మట్టిదా, చేతిదా?

పగులు ఎక్కడుందో చూస్తే దోషం ఎవరిదో తెలుస్తుంది. అడుగున ఎస్ ఆకారంలో ఉంటే, సారె మీద అడుగును వేళ్ళతో గట్టిగా అదమలేదు, లేదా నీళ్ళు నిలిచిపోయాయి. చివర్లో స్పాంజితో లోపలి నీళ్ళు తీసేయాలి. అంచు నుంచి కిందికి నిలువుగా ఉంటే, అంచు ముందు ఆరిపోయి అడుగు తడిగా ఉండిపోయింది. పిడి దగ్గర ఉంటే కప్పు ఆరిపోయాక తడి పిడి అతికించారు. రెండూ గోరు నొక్కితే గీత పడేంత గట్టిదనంలో ఉన్నప్పుడే అతకాలి. అతికే చోట రెండు వైపులా గీతలు గీకి, అదే మట్టి బురద పూయాలి.

మే నెల వడగాలికి పొద్దున చేసిన కప్పు మధ్యాహ్నానికి అంచు తెల్లబడుతుంది. అంచు మీద తడిగుడ్డ వేసి, పట్టుబడగానే బోర్లించండి. ఫ్యాను కింద పెట్టొద్దు. వానాకాలంలో కథ వేరు: పల్చటి కప్పుకు వారం, లావు కూజాకు రెండు వారాలు పట్టొచ్చు. చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరుంది.

బట్టీలో కుండలు పేలడానికి కారణం గాలి బుడగలేనా?

అందరూ అదే చెప్తారు గానీ పేల్చేది గాలి కాదు, ఆవిరి. మిగిలిన తడి 100 డిగ్రీలు దాటగానే ఆవిరై దారి వెతుక్కుంటుంది, లావు గోడలో దారి దొరక్క పగలగొట్టుకుని పోతుంది. అందుకే మొదటి మూడు నాలుగు గంటలు 80–90 డిగ్రీల దగ్గర మూత కొంచెం తెరిచి ఉంచండి. చల్లటి స్టీలు గరిటెను కంత దగ్గర పట్టి చూడండి, దాని మీద నీటి చెమ్మ పడితే ఆవిరి ఇంకా వస్తోంది. గరిటె పొడిగా ఉన్నప్పుడే వేడి పెంచాలి.

అక్కడి నుంచి 600 వరకు గంటకు 100 డిగ్రీలకు మించొద్దు. మట్టిలో రసాయనికంగా కలిసిపోయిన నీరు సుమారు 450–600 మధ్య పోతుంది, 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ (సిలికా పలుకులు) ఉన్నట్టుండి వ్యాకోచిస్తుంది. చల్లారేటప్పుడు అదే చోట కుంచించుకుంటుంది. తొందరపడి మూత తీస్తే "టంగ్" మని వినిపించేది అదే. 150 కిందికి వచ్చేదాకా మూత ముట్టుకోవద్దు.

ఊరి ఆములో కాల్చిన దానికీ కరెంటు బట్టీలో కాల్చిన దానికీ తేడా ఏమిటి?

పిడకలు, కట్టెలు, గడ్డి, ఊకతో పేర్చిన ఆము సాధారణంగా 700–900 డిగ్రీల మధ్య కాలుతుంది. మట్టి రంధ్రాలు తెరిచే ఉంటాయి, కాబట్టి నీళ్ళ కుండకు అదే సరైన కాల్పు. స్టూడియో స్టోన్‌వేర్ 1200–1280 డిగ్రీలకు వెళ్తుంది, గాజులా బిగుస్తుంది, నీరు పీల్చదు. ఒకటి గొప్ప, ఇంకొకటి తక్కువ అని కాదు. స్టోన్‌వేర్ కూజాలో నీళ్ళు చల్లబడవు, ఆములో కాలిన కప్పు డిష్‌వాషర్‌లో బతకదు.

చెరువు మట్టిని స్టోన్‌వేర్ వేడికి ఎక్కించొద్దు. ఇనుము ఎక్కువుండే ఈ మట్టి 1100 దాటితే ఉబ్బి, కుంగి, చివరికి కరిగి బట్టీ పలకకు అతుక్కుంటుంది. కొత్త మట్టిని ఎప్పుడూ ఒక చిప్పలో పెట్టి కాల్చండి. పలక ధర ఆ చిప్ప ధర లాంటిది కాదు.

ఆము చివర్లో ఊక పోసి గాలి ఆడకుండా మట్టితో మూసేస్తే కుండ నల్లబడుతుంది. అదే మట్టి గాలి తగిలితే ఎరుపు. ఈ ప్రాంతపు బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికే సగం నలుపు, సగం ఎరుపు కుండల రంగు వెనుక ఉన్నదీ ఈ గాలి సూత్రమే.

ఏ బట్టీ కొనాలి? కరెంటు కనెక్షన్ సంగతి?

ఇంటి వెనక షెడ్డుకు 6 కిలోవాట్ల త్రీ ఫేజ్ బట్టీ చాలు. తెలంగాణ విద్యుత్ టారిఫ్‌లో కుండల తయారీ కుటీర పరిశ్రమల కేటగిరీలో ఉంది, దానికి షరతు మొత్తం లోడ్ 10 హెచ్‌పీ దాటకూడదు. 10 హెచ్‌పీ అంటే దాదాపు 7.46 కిలోవాట్లు. 6 కిలోవాట్ల బట్టీ, అర హెచ్‌పీ సారె, లైట్లు కలిపినా అందులో ఇమిడిపోతాయి. 9 కిలోవాట్లది కొంటే ఆ కేటగిరీ చేజారుతుంది. దరఖాస్తులో "కుండల తయారీ" అని స్పష్టంగా రాయండి. "స్టూడియో" అని రాస్తే కమర్షియల్ మీటరు బిగించే ప్రమాదం ఉంది.

6 కిలోవాట్ల బట్టీ తొలి కాల్పుకు (గ్లేజు వేయకముందు కాల్చేది) 9 గంటల్లో సుమారు 35 యూనిట్లు, స్టోన్‌వేర్ గ్లేజు కాల్పుకు 11 గంటల్లో 50 యూనిట్ల దాకా తింటుంది. మీటరు చూపించే డిగ్రీలను ఒక్కదాన్నే నమ్మొద్దు, లోపల కోన్లు (నిర్ణీత వేడికి మెత్తబడి వంగే చిన్న కడ్డీలు) పెట్టండి. కోన్ 06 దాదాపు 1000 డిగ్రీలకు, కోన్ 6 దాదాపు 1220కి వంగుతాయి. కాల్పు నడుమ కరెంటు పోతే మూత తీయకండి. తొలి కాల్పయితే వచ్చాక కొనసాగించొచ్చు, గ్లేజు కాల్పయితే పూర్తిగా చల్లార్చి మళ్ళీ కాల్చడం మేలు.

ఇక్కడ దొరికే సరుకుతో గ్లేజు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఈ ప్రాంతానికి ఇది దేవుడిచ్చిన వరం అనాలి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఫెల్డ్‌స్పార్ (గ్లేజులో కరిగే ఖనిజం), క్వార్ట్జ్ గనులున్నాయి. హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు సున్నపురాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల దగ్గర ఊక బూడిదకు కొదవే లేదు.

ఊక బూడిద, కట్టె బూడిద ఒకటి కావు. కట్టె బూడిదలో సున్నం ఎక్కువ, అది గ్లేజును కరిగిస్తుంది. ఊక బూడిద దాదాపు అంతా సిలికా, తనంతట తాను కరగదు, కానీ గ్లేజుకు పాలమీగడ లాంటి తెలుపునిస్తుంది. కట్టె బూడిద 40, ఫెల్డ్‌స్పార్ 30, ఊక బూడిద 30 పాళ్ళతో మొదలుపెట్టి 1260–1280 డిగ్రీల దగ్గర చూడండి. గరుకుగా మిగిలితే ఊక బూడిద 5 పాళ్ళు తగ్గించండి, కారిపోతే కట్టె బూడిద తగ్గించండి. కట్టె బూడిదను రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి కడగాలి, ఆ నీళ్ళు క్షారం, గ్లౌజులు లేకుండా చేయి పెడితే కాలుతుంది. మిల్లు బూడిద నల్లగా ఉంటే మళ్ళీ ఒకసారి కాల్చి తెల్లబరచండి. అడుగున 3 మిల్లీమీటర్ల దాకా గ్లేజు తుడిచేయడం మరవొద్దు.

పొడి సరుకు కలిపేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. షెడ్డు చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు.

గ్లేజు వేసిన జాడీలో పచ్చడి పెట్టుకోవచ్చా?

సీసం లేని, పూర్తిగా కరిగిన గ్లేజయితే పెట్టొచ్చు. తక్కువ వేడికి మెరవాలని సిందూరం లాంటి సీసపు సరుకు కలిపిన జాడీలో చింతపండు, నిమ్మ, మామిడి పులుపు తగిలితే సీసం తిండిలోకి దిగుతుంది. నిమ్మచెక్క రాత్రంతా గ్లేజు మీద పెట్టి చూస్తే, రంగు మారిన గ్లేజు బలహీనమని తెలుస్తుంది. రంగు మారనంత మాత్రాన సీసం లేదని మాత్రం కాదు, దానికి ల్యాబు పరీక్షే దారి. రాగి బాగా వేసిన మసక ఆకుపచ్చ గ్లేజులనూ పచ్చడికి దూరంగా ఉంచండి.

మట్టి కుండ నీళ్ళలో ఫ్లోరైడ్ తీసేస్తుందంటారు. నిజమేనా?

కాదు. ఏ మాత్రమూ నమ్మదగిన సంగతి కాదు, ఈ మాట చెప్పి కుండలు అమ్మడం నల్లగొండ జనాన్ని మోసం చేయడమే. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌లో కూడా పని చేసేది పటిక, సున్నం, కుండ కాదు. తాగడానికి శుద్ధి చేసిన నీళ్ళే కుండలో పోయమని కొనేవాళ్ళకు చెప్పండి.

కొత్త కుండలో నీళ్ళు మొదట చల్లగా ఉండి, తర్వాత ఎందుకు చల్లబడవు?

నీరు కుండ గోడ గుండా ఊరి, బయట ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. మన బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ, అవి బయట తెల్లటి పొరగా గట్టిపడి రంధ్రాలు మూసేస్తాయి. పదిహేను రోజులకోసారి కొబ్బరి పీచుతో బయటి గోడ రుద్దండి. సబ్బు వద్దు, అది గోడలో చేరుతుంది. పెయింటు వేసిన రంజన్ (నీళ్ళ కుండ) చూడముచ్చటగా ఉంటుంది, నీళ్ళు మాత్రం చల్లబడవు. వానాకాలంలో ఏ కుండా పెద్దగా చల్లబరచదు, గాలిలోనే తేమ ఉంటుంది మరి.

వంట చట్టిని ఎట్లా అలవాటు చేయాలి?

ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, గంజి పోసి సన్న మంట మీద అరగంట మరిగించండి. గంజి రంధ్రాల్లో చేరి ఊటను ఆపుతుంది. చట్టి ఖాళీగా పొయ్యి మీద పెట్టొద్దు, చేపల పులుసు దించగానే తడిబండ మీద పెట్టొద్దు.

ఏ నెలలో ఏం చేస్తే అమ్ముడుపోతుంది?

రంజన్లు, కూజాలు ఫిబ్రవరికల్లా సిద్ధంగా ఉండాలి. పెళ్ళి ముహూర్తాలప్పుడు ఐరేని కుండలు, ఆషాఢంలో బోనం కుండలు, భాద్రపదంలో మట్టి గణపతులు. దీపావళి దీపంతలు ఆగస్టులోనే మొదలుపెట్టాలి, సెప్టెంబరు వానల్లో చేసినవి ఆరవు. మాఘంలో చెర్వుగట్టు, మన్యంకొండ జాతరలకూ, దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకూ వచ్చే జనం గురుగులు, పటువలు, పిల్లల గల్లాగురుగులు కొంటారు, మూడు వందల రూపాయల కప్పు కొనరు. దానికి హైదరాబాద్ శిల్పారామం లాంటి చోట్లు, కేఫులు, నేరుగా ఆర్డర్లు చూసుకోవాలి.

ఒక కప్పుకు ఎంత ధర పెట్టాలి?

మట్టి 450 గ్రాములు, కిలో 30 రూపాయలనుకుంటే 14. గ్లేజు 8. రెండు కాల్పులకు 85 యూనిట్లు, యూనిట్ 5 రూపాయల లెక్కన 425, అరవై కప్పులకు పంచితే 7. చేయడం, చెక్కడం, పిడి, గ్లేజు అన్నీ కలిపి 35 నిమిషాలు, గంటకు 150 చొప్పున 87. మొత్తం 116. షెడ్డు, బట్టీ అరుగుదలకు ఐదో వంతు కలిపితే 139. వందలో పదిహేను పగిలిపోతాయి కాబట్టి 0.85తో భాగిస్తే 164. దుకాణం 40 శాతం ఉంచుకుంటే 164ను 0.6తో భాగించాలి, అంటే 273. ఇందులో లాభం ఇంకా లేదు.

చాలామంది 164 దగ్గర ఆగి, దుకాణానికి ఒక ధర, ఇంటికొచ్చినవాళ్ళకు సగం ధర చెప్తారు. ఆ సంగతి దుకాణానికి తెలిసిన రోజు ఆర్డరు ఆగిపోతుంది. ధర ఎక్కడైనా ఒకటే ఉండాలి.

జీఎస్టీ, ప్రభుత్వ పథకాలు?

మట్టి కుండలకు, మట్టి దీపాలకు జీఎస్టీ లేదు. గ్లేజు వేసిన కప్పులు, ప్లేట్లకు ఉంది. సరుకు అమ్మేవాళ్ళకు చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. బయటి రాష్ట్రాల లెక్క చూసుకుని ధీమాగా ఉండొద్దు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజులకు రోజుకు 500, మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం 5 శాతం వడ్డీకి. కుటుంబంలో ఒక్కరికే.

ఊరి కుమ్మరి దగ్గర కుండలు కొని, రంగులేసి మా పేరుతో అమ్మొచ్చా?

అమ్మొచ్చు, చేసింది మీరేనని చెప్పనంతవరకు. చీటీ మీద "కుండ ఫలానా ఊరి కుమ్మరులది, అలంకరణ మాది" అని రాయండి. ఆయన చెప్పిన ధర మీద బేరమాడి, నగరంలో దానికి పదింతలు పెట్టడం మాత్రం మాకు మింగుడుపడదు.

పాత మట్టి సామాను సేకరించాలని ఉంది. ఏవి కొనొచ్చు?

ఊళ్ళల్లో ఇప్పటికీ దొరుకుతాయి: కల్లు లొట్లు, కాగులు, బానలు, పాత ఇళ్ళ గూన పెంకలు, మసి పట్టిన అటికలు. కొనేముందు వేలి కణుపుతో తట్టండి. ఖంగుమంటే గట్టిది, మొద్దుగా మోగితే ఎక్కడో సన్న పగులుంది. చెక్కతో కొట్టి సాగదీసిన కుండ లోపల రాతి గుండు ఆనిన పల్లాలు వరసగా చేతికి తగులుతాయి, అచ్చులో పోసినదానికి అవి ఉండవు. ఊరు, వాడుక, తీసుకున్న తేదీ రాసి పెట్టుకోండి. ఆ చీటీ లేకుంటే కొన్నేళ్ళకు అది ఒట్టి పాత కుండ.

నూనె, వార్నిష్ పూయొద్దు. తెల్లటి ఉప్పు పొర కడుతుంటే, గట్టిగా కాలిన కుండయితే, మామూలు నీళ్ళలో నానబెట్టి రోజూ నీళ్ళు మారుస్తూ పొర రావడం ఆగేదాకా ఉంచండి. అతకాలంటే ఎసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడండి, తర్వాత ఎప్పుడైనా విప్పుకోవచ్చు. ఆరల్డైట్ పెడితే ఇక అంతే.

పొలం దున్నుతుంటే పాత కుండలు బయటపడ్డాయి. ఉంచుకోవచ్చా?

వద్దు. కదిలించకుండా ఫొటో తీసి తహసీల్దారుకో, పురావస్తు శాఖకో చెప్పండి. వందేళ్ళు దాటిన వస్తువు 1972 చట్టం కింద పురావస్తువు అవుతుంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెప్తుంది. పైగా కుండ ఏ లోతులో, దేని పక్కన ఉందో పోయాక దాని కథ సగం పోయినట్టే. పాత కుండలు చూడాలనుకుంటే నాగార్జునకొండ, పానగల్లు మ్యూజియంలు ఉన్నాయి.

హైదరాబాద్‌కు పంపితే దారిలో పగులుతున్నాయి. ఎట్లా కట్టాలి?

కప్పులో కప్పు పెట్టొద్దు. ఒక్కోదాని లోపల కాగితం కుక్కి, పిడి చుట్టూ విడిగా చుట్టి, ఆపైన మొత్తం చుట్టండి. చిన్న డబ్బాను పెద్ద డబ్బాలో పెట్టి, నడుమ అన్ని వైపులా 5 సెంటీమీటర్ల జాగాలో బాగా ఎండిన వరిగడ్డి బిగించి కూరండి. ఊక వద్దు, కుదుపులకు అడుగుకు జారి పైన ఖాళీ ఏర్పడుతుంది. డబ్బా మూసి గట్టిగా ఊపండి. లోపల ఏమాత్రం కదిలినా విప్పి మళ్ళీ కట్టాలి. బస్సు కార్గోలో వేసేటప్పుడు ఒక్కో డబ్బా 10 కిలోలు దాటకుండా చూసుకోండి, బరువు పెరిగితే ఎత్తేవాళ్ళు మెల్లగా దించరు, కిందికి వదిలేస్తారు.